గాల్వే సంతలో నా బల్ల

(మన సంఘం ఆన్‌లైన్ సభలో ఐర్లండ్‌లోని గాల్వే నుంచి చేసిన ప్రసంగ పాఠం)

  ఫోన్లలో, ల్యాప్‌టాపుల్లో చూస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, నాకు మైకు ఇచ్చింది మీతో మాట్లాడమనే.

మీకక్కడ రాత్రి తొమ్మిదిన్నర. ఇక్కడ ఇంకా సాయంత్రం ఐదే. కిటికీ అవతల వాన పడుతోంది. గాల్వేలో వాన పడుతోందని చెప్పడం వార్తేమీ కాదు. మధ్యలో నెట్ పోతే మాత్రం క్షమించండి.

"విదేశంలో వ్యాపారం" అని పోస్టర్ మీద వేశారు, చూశాను. చూసి నవ్వుకున్నాను. నా వ్యాపారం ఆరడుగుల బల్ల. ఐదు రోజులు కంపెనీ ఉద్యోగం చేస్తాను, శనాదివారాలు ఆ బల్ల వెనక నిలబడతాను. ఐర్లండ్ చూడటానికి వచ్చినవాళ్లు ఇంటికి గుర్తుగా తీసుకెళ్లే చిన్న చిన్న వస్తువులు చేతితో చేసి అమ్ముతాను. ఉన్నితో చేసిన పిన్నులు, గ్లాసు కింద పెట్టుకునే గుండ్రటి గుడ్డలు, తాళంచెవి గొలుసులు, కార్డులు. కోట్లు సంపాదించిన కథ కోసం కూర్చున్నవాళ్లు ఇప్పుడే లేచిపోవచ్చు, ఏమీ అనుకోను.

మాది మహబూబాబాద్ జిల్లాలో ఒక తండా. చదువు కోసం ఇక్కడికి వచ్చాను. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు ఇక్కడ చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. అయితే అది ఒకరి దగ్గర ఉద్యోగంగానే ఉండాలి, సొంత వ్యాపారం కుదరదు. ఇక్కడికి రావాలనుకుంటున్నవాళ్లు ఈ మాట రాసిపెట్టుకోండి. తెలియక ఆన్‌లైన్లో ఏదో ఒకటి అమ్మడం మొదలుపెట్టి వీసా మీదికి తెచ్చుకుంటారు. నేను ఆ రెండేళ్లూ సంతలో ఒక పెద్దావిడ స్టాల్‌లో జీతానికి పని చేశాను. తర్వాత ఉద్యోగం, వర్క్ పర్మిట్, ఆ పైన స్టాంప్ 4 అనే అనుమతి వచ్చాయి. అది వచ్చాకే పన్నుల శాఖలో పేరు నమోదు చేయించుకొని నా బల్ల నేను వేసుకున్నాను.

సంత అంటే మన సంతే అనుకోండి. సెయింట్ నికొలస్ అనే పాత చర్చి పక్కన సన్నటి సందులో శని, ఆదివారాలు జరుగుతుంది. కూరగాయలు, జున్ను, చేపలు, డోనట్లు, మధ్యలో మాలాంటి చేతిపని వాళ్లు. వీధిలో బల్ల వేయాలంటే నగరపాలక సంస్థ లైసెన్సు కావాలి. 1995లో దానికోసం ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు.

పెద్దావిడ నాకు మొదట నేర్పింది సెయింట్ బ్రిజిడ్ శిలువ. చూడటానికి మన తుంగలాగే ఉండే ఒక గడ్డి ఇక్కడ తడినేలల్లో పెరుగుతుంది. జనవరి 31 సాయంత్రం ఆ గడ్డి తెచ్చి, దాంతో నాలుగు చేతుల శిలువ అల్లి గుమ్మం మీద పెడతారు. ఇంటికి నిప్పు భయం ఉండదని నమ్మకం. మర్నాడు, ఫిబ్రవరి 1, బ్రిజిడ్ పండుగ, వాళ్లకు వసంతం మొదలయ్యే రోజు. 2023 నుంచి ఈ పండుగ పేరు మీద ప్రభుత్వ సెలవు కూడా ఇస్తున్నారు. గడ్డిని కోయకూడదు, పీకాలి అంటారు. ఒక పుల్ల నిలువుగా పట్టుకొని, రెండోదాన్ని సగానికి మడిచి దాని మీద వేసి, పావు చుట్టు తిప్పి, మూడోది మడిచి వేసి, మళ్లీ తిప్పి... అలా పోతుంటే మధ్యలో చదరంగా గడి పడుతుంది. చివర్లు నాలుగూ కట్టేయాలి. వదులుగా అల్లితే పని చెడినట్టే. పచ్చిగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, వారం తిరిగేసరికి గడ్డి ఎండి ముడుచుకుపోయి చేతులు ఊడి వస్తాయి. నేను అల్లిన మొదటి పన్నెండూ అలాగే ఊడిపోయాయి.

అది అల్లుతుంటే నాకు తీజ్ బుట్టలు గుర్తొచ్చేవి. మన ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచడం. రెండూ ఒకటని అనను. చేతులకు మాత్రం ఏదో తెలిసిన పనిలా అనిపించింది, అంతే.

గడ్డి శిలువలకు ఇంకో చిక్కు ఉంది. ఆస్ట్రేలియా నుంచి వచ్చినవాళ్లు ముచ్చటపడి చేతిలోకి తీసుకుంటారు, మళ్లీ బల్ల మీద పెట్టేస్తారు. ఆ దేశంలో దిగేటప్పుడు ఎండుగడ్డి వస్తువేదైనా అధికారులకు చెప్పి చూపించాలి. ఆ తలనొప్పి ఎవరికి కావాలి? అందుకని అదే శిలువను ఉన్ని ఫెల్ట్ మీద కుట్టి పిన్నుగా చేయడం మొదలుపెట్టాను. ఫెల్ట్ అంటే మన గొంగడిలా నేసింది కాదు. ఉన్నిని దువ్వి పొరలు పొరలుగా పరిచి, సబ్బూ వేడినీళ్లూ పోసి చేతులతో రుద్దీ రుద్దీ గట్టిపడేలా చేసిన గుడ్డ. ఒక్క ముక్కకే భుజాలు నొప్పి పుడతాయి.

ఆ ఉన్ని గురించి ఒక మాట. ఐర్లండ్ అంటే గొర్రెల దేశం కదా అనుకుంటాం. ఇక్కడి రైతుకు ఉన్ని కిలోకు వచ్చేది కొన్ని సెంట్లు. గొర్రెకు కత్తిరింపు కూలి కూడా రాదు. పర్యాటకులు కొనే మెత్తటి స్వెట్టర్లలో చాలావాటికి వాడేది బయటినుంచి వచ్చిన మెరినో ఉన్ని. ఇక్కడి ఉన్ని ముతక, ఒంటికి గుచ్చుకుంటుంది. పిన్నుకు గుచ్చుకుంటే ఏం? నేను గాల్వే జాతి గొర్రెల ఉన్నే వాడతాను. ఇది చెబితే జనం శ్రద్ధగా వింటారు.

ఇప్పుడు లెక్క. దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మనవాళ్లు మునిగేది ఇక్కడే.

మొదటి ఏడాది పిన్ను 8 యూరోలకు అమ్మాను. అందరూ "ఎంత బాగుంది" అని కొన్నారు, 120 పోయాయి. నేను పొంగిపోయాను. ఒకరోజు పెద్దావిడ కాగితం ముందు పెట్టి, నీ కూలి ఎంత వేసుకున్నావు అని అడిగింది. నేను తెల్లమొహం వేశాను. కూలీ ఏంటి, ఖాళీ టైంలో చేసుకుంటున్నా కదా అన్నాను. ఆవిడ ఊరుకోలేదు. ఆ లెక్క 2025 కనీస వేతనంతో మీకు వేసి చూపిస్తాను. గంటకు 13.50 యూరోలు. పిన్నుకు 40 నిమిషాలు పట్టేది, అంటే కూలి 9 యూరోలు. ఉన్ని, దారం, సూది మొన అన్నీ కలిపి 1.60. కార్డు, కవరు 70 సెంట్లు. మొత్తం 11.30. అమ్మింది 8కి. పిన్నుకు 3.30 చొప్పున, 120 పిన్నులకు 396 యూరోలు నష్టపోయాను. అదీ సంతోషంగా నష్టపోయాను. బల్ల అద్దె, వాన పడి ఎవరూ రాని రోజులు ఇందులో కలపలేదు.

అప్పుడు పని తీరు మార్చాను. ఒక్కో పిన్ను మొదటినుంచి చివరిదాకా చేయడం మానేసి, ఒకరోజు ఫెల్ట్ అంతా, ఒకరోజు కత్తిరింపులన్నీ, ఒకరోజు కుట్లన్నీ. పిన్నుకు 20 నిమిషాలకు దిగింది. కూలి 4.50, సామాను 2.30, మొత్తం 6.80. ధర 15 చేశాను. కొన్నవాళ్ల సంఖ్య తగ్గింది. చేతిలో మిగిలింది మాత్రం పెరిగింది.

అదే వస్తువు దుకాణానికి ఇస్తే లెక్క వేరు. నేను 14కు ఇస్తే దుకాణం వాడు మామూలుగా దానికి రెట్టింపు వేస్తాడు, 28. దానిమీద 23 శాతం వ్యాట్, 34 దాటుతుంది. చిన్న పిన్నుకు 34 యూరోలు ఎవరిస్తారు? కాబట్టి ఏ వస్తువు బల్ల మీదికి, ఏది దుకాణానికి అన్నది ముందే తేల్చుకోవాలి. నేనే వ్యాట్ వేయాల్సిన అవసరం ఇంకా రాలేదు. వస్తువులు అమ్మేవాళ్లకు ఏడాదికి 85 వేల యూరోలు దాటితేనే అది. నాకు ఆ భయం లేదు!

ఈ లెక్క మా ఇంట్లో చెబితే యాడి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మా దాదీ పేటియా సంగతి ఎత్తింది. నా చిన్నప్పుడు తండాకు పాత బట్టలు కొనే వ్యాపారి వచ్చేవాడు. దాదీ పెళ్లి పేటియా, కాంచళి, గవ్వలు కుట్టిన తలగుడ్డ, అన్నీ కలిపి 900 రూపాయలకు ఇచ్చేశాం. ఆ ఏడాది వానల్లేవు. అద్దాలు, గవ్వలు, రంగు దారం, ఎన్నేళ్ల పనో ఎవరూ గంటలు కట్టలేదు. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక బట్టల దుకాణంలో అలాంటి ముక్కలు కోసి కుట్టిన సంచీ చూశాను. ధర 85 యూరోలు. అట్ట మీద "బోహో" అని ఉంది. ఎవరు కుట్టారో, ఏ జాతి పనో, ఏ దేశమో ఒక్క మాట లేదు. అది మా దాదీదే అని అనను, అలా తెలిసే దారి లేదు. ఆ సంచీ ముందు నేను ఎంతసేపు నిలబడ్డానంటే, అమ్మే అమ్మాయి వచ్చి ఏమైనా కావాలా అని అడిగింది.

ఇది ఎందుకు చెప్పానంటే, ఇప్పుడు నేను చేస్తున్నది కూడా ఇంకొకరి సంస్కృతిని అమ్మడమే కదా? ఒక అమెరికా ఆవిడ నా మొహంలోకి చూసి, "నువ్వు ఐరిష్ కాదు కదా, మరి ఇది అసలుదేనా?" అని అడిగింది. కోపం వచ్చింది. రాత్రి పడుకున్నాక ఆ ప్రశ్న న్యాయమైనదే అనిపించింది. బల్ల వేసిన ప్రతివారం దానికి నేను జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను. ఇప్పుడు నా కార్డు మీద ఇలా ఉంటుంది: గాల్వే ఉన్ని, గాల్వేలో, చేతితో, నా పేరు, నేను నేర్చుకున్నది ఎవరి దగ్గరో వారి పేరు. ఇక్కడి దుకాణాల్లో "ఐర్లండ్‌లో డిజైన్ చేసింది" అని పెద్దక్షరాల్లో ఉండి, తయారైంది చైనాలో అని వెనకాల చిన్నక్షరాల్లో ఉండే వస్తువులు కోకొల్లలు. రెండు మాటలకూ తేడా మీకు తెలిసే ఉంటుంది.

భాష విషయంలో నా పరువు పోయిన సంగతి కూడా చెప్పాలి. ఐరిష్ భాషలో కొన్ని అచ్చుల మీద ఒక చిన్న గీత ఉంటుంది. దాన్ని ఫాదా అంటారు. ఆ మాటకు అర్థమే "పొడవు". అంటే అచ్చంగా మన దీర్ఘమే. నేను "తియ్యని కేకు" అని ఐరిష్‌లో రాసి, బొమ్మ వేసి 60 కార్డులు అచ్చు వేయించాను. ఆ గీత పడలేదు. గీత ఉంటే కేకు. గీత లేకపోతే, పిల్లల ముందు అనే మాట కాదది, పెంట. ఒక ముసలావిడ కార్డు చదివి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి రెండు కొనుక్కుని, మిగతావి దాచెయ్ అమ్మాయీ అని చెప్పి వెళ్లింది. అప్పటినుంచి ఐరిష్‌లో అక్షరం రాయాలంటే ఆ భాష ఇంట్లో మాట్లాడే మనిషికి చూపించకుండా అచ్చుకు ఇవ్వను. మన గోర్ బోలిని తెలుగు లిపిలో రాసి టీషర్టుల మీద వేస్తున్న తమ్ముళ్లూ, మీరు కూడా ఇంట్లో ఒక పెద్దమనిషికి చూపించి వేయండి.

తర్వాత కథలు. ఈ వ్యాపారంలో వస్తువు కంటే కథకే గిరాకీ. అరన్ దీవుల స్వెట్టర్ల మీద ఉండే అల్లికల గురించి ఒక కథ ఉంది. ఒక్కో వంశానికి ఒక్కో అల్లిక అనీ, సముద్రంలో మునిగి చనిపోయిన జాలరిని ఆ అల్లిక చూసి గుర్తుపట్టేవారనీ చెబుతారు. అమెరికా నుంచి వచ్చినవాళ్లు ఇంటిపేరు చెప్పి మా వంశం అల్లిక ఏది అని అడుగుతారు. అలాంటి వంశ అల్లికలేమీ లేవు. 1904లో సింగ్ అనే రచయిత నాటకం ఒకటి వచ్చింది, "రైడర్స్ టు ద సీ". అందులో మునిగిపోయినవాణ్ని చెల్లెలు గుర్తుపట్టేది మేజోడు అల్లికలో జారిన కుట్లను లెక్కపెట్టి. ఆ కథ అలా అలా స్వెట్టర్ మీదికి పాకింది. నేను ఉన్నది ఉన్నట్టు చెబుతాను. కొందరు థాంక్స్ చెప్పి కొంటారు, కొందరు మొహం చిన్నబుచ్చుకొని వంశం పేరు రాసిచ్చే ఇంకో బల్ల దగ్గరికి పోతారు. నిజం చెబితే వ్యాపారం పెరుగుతుందని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. కొన్నిసార్లు తగ్గుతుంది.

క్లాడా ఉంగరం మీరు చూసే ఉంటారు. రెండు చేతులు ఒక గుండెను పట్టుకుని, పైన కిరీటం. స్నేహం, ప్రేమ, విధేయత. క్లాడా అనేది గాల్వే పక్కనే ఉన్న బెస్తపల్లె. వాళ్లకు వాళ్ల కట్టుబాట్లు, వాళ్లు ఎన్నుకునే ఒక "రాజు", గడ్డికప్పు ఇళ్లు ఉండేవి. 1930లలో ఆ ఇళ్లు ఆరోగ్యానికి మంచివి కావని కూల్చేసి వరసగా కొత్త ఇళ్లు కట్టారు. నేను మొదటిసారి క్లాడా చూడాలని నడిచి వెళ్లి, ఆ ఇళ్ల మధ్యలో నిలబడి క్లాడా ఎక్కడ అని అడిగాను. ఇదే అన్నారు. ఆ గుర్తు మాత్రం ప్రపంచంలో ఎక్కడ పడితే అక్కడ పోతపోసి అమ్ముతున్నారు, అడిగేవాళ్లు లేరు. చేతివృత్తుల వస్తువులకు ఐరోపా మొత్తానికీ వర్తించే భౌగోళిక గుర్తింపు 2025 డిసెంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. ఈ విషయంలో మనమే ముందున్నాం. మన చట్టం 1999లో వచ్చి 2003 నుంచి అమలవుతోంది. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో ఆ గుర్తింపు దక్కింది, కర్ణాటకలో సండూరు లంబానీ ఎంబ్రాయిడరీకీ ఉంది. మన తండాల్లో కుట్టుపని చేసేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎంతమంది ఉన్నారో మీరే ఒకసారి అడిగి చూడండి.

చివరగా ఒకటి చెప్పి ఆపేస్తాను. ఇది నాకు ఇంకా తేలని విషయం.

ఐర్లండ్‌లో ట్రావెలర్స్ అనే జాతి ఉంది. సంచారం చేస్తూ రేకు గిన్నెలు చేసి, మాట్లు వేసి బతికినవాళ్లు. ప్లాస్టిక్ వచ్చాక ఆ పని పోయింది. పనికి ఉన్న పేరు మాత్రం వాళ్ల మీద తిట్టుగా మిగిలింది. వాళ్లది ప్రత్యేక జాతి అని ఈ దేశం అధికారికంగా ఒప్పుకున్నది 2017 మార్చి 1న. మనవాళ్లు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యం మోసి బతికారు, రైళ్లు వచ్చి ఆ బతుకు పోయింది, 1871 నేరస్థ జాతుల చట్టం కింద చాలా చోట్ల మనల్ని జాబితాలో పెట్టారు. అందుకే నాకు వాళ్లతో మాట్లాడటానికి ఎవరూ పరిచయం చేయనక్కర్లేకపోయింది.

నా బల్ల మీద ఒక మూల మన గవ్వల సంచులు కూడా పెడతాను, గోర్ బంజారా అని రాసి. ఒక శనివారం ఒక ట్రావెలర్ అమ్మ వచ్చి ఆ సంచీని అటూ ఇటూ తిప్పి, మా అమ్మమ్మకూ ఇలాంటిది ఉండేది అంది. వాళ్ల ఆడవాళ్లు నడుముకు కట్టుకునే సంచీ అది. దాని నిండా బొత్తాలు, పూసలు, పతకాలు కుట్టి ఉంటాయి. బీడీ పాకెట్ అంటారు, పూసల సంచీ అని. ఫోన్‌లో ఫొటో చూపించింది. నాకు ఒళ్లు జలదరించింది.

కొన్నాళ్లకు ఒక దుకాణం వాళ్లు అలాంటివే 50 చేసివ్వమన్నారు, ఒక్కోటి 22 యూరోలకు. మొత్తం 1,100. ఆ నెల నా గది అద్దె కంటే ఎక్కువ. సరే అనబోయి, ఆ అమ్మను అడిగాను. ఆమె వద్దనలేదు. "ఆ బొత్తాలు కొన్నవి కావు. ఒక్కోటీ ఎవరో ఇచ్చింది. కలిసినప్పుడు ఒకరికొకరం మార్చుకునేవాళ్లం. దుకాణంలో బొత్తాల పొట్లం కొని కుట్టినదాన్ని మేం ఆ పేరుతో పిలవం," అంది.

ఆర్డర్ వదులుకున్నాను. గొప్ప పని చేశానని చెప్పడం లేదు. మూడు నెలల తర్వాత అదే దుకాణంలో, ఇంకెక్కడో చేయించినవి వరసగా వేలాడుతున్నాయి. నేను వదిలేయడం వల్ల ఆ అమ్మకు ఒరిగింది ఏమీ లేదు, నాకు డబ్బు పోయింది. అలా అని చేసి ఉంటే బాగుండేదని కూడా అనిపించదు. ఆమె ఇప్పటికీ వస్తుంది. ఈమధ్య ఒక ఇత్తడి బొత్తం ఇచ్చింది. నేను ఒక గవ్వ ఇచ్చాను. ఆ బొత్తాన్ని నా సంచీకి కుట్టుకున్నాను. అది బల్ల మీద పెట్టను.

చాట్‌లో ఎవరో ఆన్‌లైన్ అమ్మకాల గురించి అడిగారు. 2025 ఆగస్టు 29 నుంచి అమెరికా 800 డాలర్ల లోపు పార్శిళ్లకున్న సుంకం మినహాయింపు తీసేసింది. నా అమెరికా ఆర్డర్లు దాదాపు ఆగిపోయాయి. ఇప్పుడు సంతే ఆధారం. మన దగ్గరినుంచి అమెరికాకు పంపాలనుకునేవాళ్లు కూడా పార్శిల్ కట్టకముందే సుంకం ఎంత పడుతుందో కనుక్కోండి.

ఇంకా ప్రశ్నలుంటే అడగండి, ఒక అరగంట ఉంటాను. రేపు శనివారం. తెల్లారి లేచి వానలో బల్ల మోయాలి, ఇంకా పదిహేను పిన్నులకు సూది మొనలు అతికించాలి.